కూచుని తిన్నారా?

“ఒక్‌బున్‌గారూ, భోంచేశారా? కూచుని తిన్నారా?” అని ఏరన్ ఎడమచేతి బొటనవేలితో టైపు చేసింది. కుడిచెయ్యి సింకులో బియ్యం కడుగుతోంది. కడుగు నీళ్లు తేరేలోపలే ఆ మాటలు దక్షిణ కొరియాలో డేగు నగరంలోని ఆ వంటింట్లోంచి బయల్దేరి, సొంగ్‌జు పల్లెల్లో పసుప్పచ్చ దోసపళ్లు పండించే ఒక ప్లాస్టిక్ పందిరి కిందికి చేరిపోయాయి. అయితే చేరింది ఏరన్ పేరుతో కాదు. ప్రొఫెసర్ నామ్‌గుంగ్ అన్న పేరుతో, పక్కనే కళ్లజోడు పెట్టుకుని నవ్వుతున్న ఆయన ఫోటోతో.

ఏరన్ ఉద్యోగానికి ప్రోత్సాహక మేనేజరు అని పేరు. పేరు ఘనం, కుర్చీ కూడా లేదు. చిన్నప్పుడు చదువు తప్పిపోయినవాళ్లు, నడివయసులో సోషల్ వర్కర్ సర్టిఫికెట్ కోసం ఆన్‌లైన్‌లో పాఠాలు వినే సంస్థ అది. పాఠాలు నామ్‌గుంగ్ గారివి. ఎప్పుడో ఒక వేసవిలో స్టూడియోలో కూచుని అన్నీ ఒకేసారి చెప్పేసి వెళ్లిపోయాడాయన. అప్పట్నుంచీ ఆ నీలం చొక్కాతోనే, ఆ దగ్గుతోనే, ప్రతి టర్మూ కొత్తవాళ్లకు అవే పాఠాలు. కానీ పాఠం రికార్డు చేసి పెట్టినంత మాత్రాన చదువైపోదు. కథ చెప్పేవాడికైనా పక్కన ఊఁ కొట్టే మనిషొకరుండాలి. ఇక్కడ తిరగేశారు. చెప్పేవాడు ఉత్త బొమ్మ, వినేవాళ్లు మనుషులు. ఆ వినేవాళ్లకు ఊఁ కొట్టడం, మధ్యలో మానేయకుండా భుజం తట్టడం ఏరన్ పని. అదంతా ప్రొఫెసరుగారి పేరుమీదే జరగాలని సంస్థ నియమం. గురువుగారే స్వయంగా పలకరిస్తే ఏ విద్యార్థి మానేస్తాడు?

ఆ పని ఆమెకు బాగా వచ్చు. పెళ్లికి ముందు ట్యూషన్ సెంటర్లో సాహిత్యం చెప్పింది. వెనక బెంచీలో తల వంచుకున్న పిల్ల పేరు మొదట నేర్చుకోవడం అప్పటి అలవాటు. ఇప్పుడూ టర్మ్ మొదట్లో విద్యార్థులు తమ గురించి రాసుకున్న పరిచయాలన్నీ ఒకటికి రెండుసార్లు చదువుతుంది. లారీ తోలే ఆయనకు, హైవే మీద మంచు కురుస్తోందట, ఇవాళ పాఠం వద్దు, పడుకోండి అని రాస్తుంది. మంచాన పడ్డ తల్లిని చూసుకునే అమ్మాయికి, మీ అమ్మగారు రాత్రి నిద్రపోయారా అని రాస్తుంది. వాళ్లు మురిసిపోతారు. ప్రొఫెసరుగారూ, ఇంతమందిలో నన్ను గుర్తుపెట్టుకున్నారా అని కళ్లనీళ్ల బొమ్మలు పంపిస్తారు. పోయిన టర్మ్ చివర ‘విద్యార్థులు మెచ్చిన గురువు’ అని నామ్‌గుంగ్ గారికి గాజు ఫలకం ఇచ్చారు. ఆయన దాన్ని పట్టుకుని దిగిన ఫోటోను విద్యార్థులందరికీ పంపించే పని కూడా ఏరనే చేసింది.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఇంట్లో ఆమె మాటకు చిల్లిగవ్వ విలువ లేదు.

“ఇంట్లో కూచుని ఊరివాళ్లతో కబుర్లు చెప్పుకోవడానికి కూడా జీతమిస్తారా? మా ఆఫీసులో చెప్తే నవ్వుతారు” అంటాడు మొగుడు తేషిక్. నవ్వుతూనే అంటాడు, అదే కష్టం. కోపంగా అంటే జవాబైనా చెప్పుకోవచ్చు. అతను ఆమెను పేరుపెట్టి పిలిచి ఎన్నాళ్లయిందో. కూతురు పుట్టిన రోజునుంచీ ఆమె దాసోమ్ అమ్మ. ఆ దాసోమ్ ఇప్పుడు కాలేజీ హాస్టల్లో ఉంది, అయినా ఆ పిలుపు ఇంట్లోనే ఉండిపోయింది. దాసోమ్ అమ్మా, తువ్వాలు. దాసోమ్ అమ్మా, నీళ్లు. దాసోమ్ అమ్మా, మా అమ్మ ఫోన్ చేసింది, శనివారం వెళ్లేటప్పుడు ముల్లంగి తీసుకెళ్లు.

శనివారం అత్తగారింటికి వెళ్లి వారానికి సరిపడా కూరలూ పచ్చళ్లూ చేసి డబ్బాల్లో సర్ది రావడం పెళ్లినాటి నుంచీ ఉన్న ఆచారం. ఆ పెళ్లి కొత్తలోనే, మొదటిసారి అందరికీ వడ్డించి తనూ గిన్నె పట్టుకుని బల్ల దగ్గర చతికిలబడితే, అత్తగారు మెల్లగా, అందరూ వినేట్టు, “కొత్తకోడలికి ఆకలెక్కువలా ఉందే. మామగారి చారు గిన్నె ఖాళీ అయిందమ్మా, చూడు” అంది. ఏరన్ లేచింది. మళ్లీ కూచోబోతే ఆడపడుచుకు కిమ్చీ పచ్చడి కావాల్సి వచ్చింది. అంతే, అక్కణ్నుంచి కూచోవడమే మానేసింది. అందరూ తిన్నాక సింకు పక్కన నిలబడి, మిగిలిన చారులో మిగిలిన అన్నం కలుపుకుని, ఒక చెవి బల్ల దగ్గర వదిలిపెట్టి నాలుగు ముద్దలు మింగడం. దానికి భోజనమని పేరు. ఎవరూ నిలబడమని చెప్పలేదు కదా అంటాడు తేషిక్ ఎప్పుడైనా అడిగితే. నిజమే, ఎవరూ చెప్పలేదు. కూచోమని కూడా ఎవరూ చెప్పలేదు.

కూచుని తిన్నారా అన్న మాట అట్లా పుట్టింది. సంస్థవాళ్లు పంపిన నమూనా సందేశాల్లో ‘భోజనం చేశారా’ వరకే ఉండేది. ఏరన్ ఆడవాళ్లకు రాసేటప్పుడు పక్కన ఇంకో మాట చేర్చేది. ఎందుకు చేర్చిందో తనకే తెలియదు. చెయ్యి అలా పోయింది.

ఒక్‌బున్‌కి ఆ మాట నచ్చింది. ఆమె తన పరిచయంలో రాసుకున్నది చదివి ఏరన్ వంటింట్లో ఒక్కతే పైకి నవ్వింది. ‘నా పేరు ఒక్‌బున్. బడి మాన్పించారు, పెద్దయ్యాక ప్రైవేటుగా పరీక్ష కట్టాను. మా అత్తను పోయేదాకా ఎత్తి దించి, కడిగి, తినిపించాను. ఊరికే చేసిన ఆ పనికే ఇప్పుడు జీతమిస్తారట, చేతిలో కాయితముంటే. ఆ కాయితం కోసం వచ్చాను.’

మార్చి నెల దోసపళ్ల కోత మొదలయ్యే కాలం. ఒక్‌బున్ పందిట్లో తీగల మధ్య ఫోనును ఒక కర్రకు కట్టి పాఠం పెట్టుకునేది. మధ్యమధ్యలో, మీరు వింటున్నారా అని తెరమీద ప్రశ్న వస్తుంది. వేలితో నొక్కకపోతే హాజరు పడదు. మట్టి చేతి తొడుగులతో నొక్కితే తెర ఒప్పుకోదు. అందుకని ముక్కుతో నొక్కుతున్నానని రాసింది. ‘ఇవాళ మీ పాఠం దోసపళ్లు కూడా విన్నాయి ప్రొఫెసరుగారూ, ఒక్కటీ ఎదురు మాట్లాడలేదు, నాకంటే మంచి విద్యార్థులు’ అని రాసింది. కూచుని తిన్నారా అంటే, ‘పీట నడుముకే కట్టుకుని తిరుగుతాను కదండీ, మాకు నిలబడ్డా కూచున్నట్టే’ అంది. తీగల మధ్య వంగి పనిచేసే ఆడవాళ్లు అక్కడ గుండ్రటి మెత్తటి పీట ఒకటి నడుముకు కట్టుకుంటారు. లేస్తే వెనక వేలాడుతుంది, వంగితే కిందికొస్తుంది. ఏరన్ ఆమెకు మోకాళ్ల నొప్పుల గురించి రాసింది. పందిట్లో ఎండ పేరుకునే వేళ నీళ్లు తాగమని రాసింది. మొదటి పరీక్షలో తక్కువ మార్కులొచ్చి ‘నా బుర్రకిది ఎక్కదు’ అన్న రోజున, ‘అత్తగారిని ఎత్తి దించిన చేతులకు ఈ పుస్తకం బరువా?’ అని రాసింది. దానికి జవాబు రాలేదు. తర్వాతి పరీక్షలో మాత్రం మంచి మార్కులు వచ్చాయి.

మే నెలలో, దూరపు ఎడారుల్లోంచి గాలికి కొట్టుకొచ్చే పసుపు దుమ్ము ఊరంతా కమ్మి కిటికీలన్నీ మూసుకున్న రోజొకటి. ఏరన్ పొద్దున్నే రోజూలాగే రాసింది, భోంచేశారా, కూచుని తిన్నారా అని. ఫోన్ వెంటనే మోగింది.

‘నా పెళ్లాం తిన్నదో లేదో నీకెందుకురా?’

ఏరన్ చేతిలోని గరిటె అలాగే ఉండిపోయింది. దాని కిందే ఇంకోటి. ‘మోకాళ్లు ఎట్లా ఉన్నాయో నీకెందుకు? చేతులు ఎట్లాంటివో నీకెందుకు? ప్రొఫెసరువి పాఠం చెప్పుకోక, పల్లెటూరి ఆడదాని చేతుల మీద పడ్డావేం?’

ఒక్‌బున్ మొగుడు మాన్‌సూ. భార్య ఫోన్ తీసి మొదట్నుంచీ చదివాడు. వరసగా ఇన్ని రోజులు, పొద్దునా సాయంత్రమూ, తిన్నావా తాగావా, నొప్పి తగ్గిందా. పక్కన మగాడి ఫోటో. ఆ మాటల్లో పాఠం ఎక్కడుందో అతనికి కనబడలేదు.

ఏరన్ ఆ నంబరుకే ఫోన్ చేసింది. అతనే ఎత్తాడు.

“అయ్యా, మీరు పొరపాటు పడ్డారు. అవి రాసింది నేనండీ. నేను ఆడదాన్ని, ఆఫీసులో—”

“ఓహో. ఇప్పుడు ఆడదానితో చెప్పిస్తున్నాడా? ఎంత తెలివి!” అన్నాడతను. వెనకనుంచి ఒక ఆడగొంతు ఏదో అనబోయి ఆగిపోయింది. “ఆవిడ చదువు అయిపోయింది. ఫోన్ ఇక నా జేబులో ఉంటుంది. వాడికి చెప్పు” అని పెట్టేశాడు.

తాను అడగడు, అడిగేవాళ్లను అడగనివ్వడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదన్నట్టు. కానీ ఏరన్‌కి కోపంకంటే ముందు భయం వచ్చింది. అవతల ఆ ఆడగొంతు ఎందుకు ఆగింది? ఏం తగిలి ఆగింది? ఆ దెబ్బేదైనా పడి ఉంటే అది తన బొటనవేలు కొట్టిన దెబ్బే కదా.

సంస్థలో తన పైన ఉన్న టీమ్ లీడర్ జాంగ్‌కి ఫోన్ చేసింది. జాంగ్ తనకంటే చిన్నది. చురుకైన పిల్ల, మాట మర్యాదగా ఉంటుంది.

“అయ్యో పాపం” అంది జాంగ్. నిజంగానే అంది. “కానీ మేనేజరుగారూ, మనం ప్రొఫెసరుగారి పేరుతో రాస్తున్నామని మాత్రం బయటికి రాకూడదు. ఒక్కరికి చెప్తే అందరికీ చెప్పినట్టే. ఇన్నాళ్లూ గురువుగారు రాశారనుకున్నవాళ్లందరూ ఏమైపోతారు? మీరు ఫోన్లో ఆఫీసు మనిషినన్నారు, అక్కడితో ఆపండి. ఇక ఆమెకు ఏమీ పంపకండి. మానేసినవాళ్లలో కలిపేద్దాం.”

“ఆదివారంతో ఈ వారం పాఠాల గడువైపోతుంది. ఇది తప్పితే హాజరు చాలదు, ఫెయిలవుతుంది. వేసవికి వాళ్ల ఊరి వృద్ధుల కేంద్రంలో శిక్షణకు చోటు దొరికింది ఆమెకు. అదీ పోతుంది.”

“మీరు ఆమె గురించి ఇంత ఆలోచించడమే మీ గొప్పతనం మేనేజరుగారూ. అందుకే మీ బ్యాచుల్లో మానేసేవాళ్లు తక్కువ” అంది జాంగ్. పొగడ్త కూడా ఒక్కోసారి తలుపు మూసినట్టే ఉంటుంది.

ఆ సాయంత్రం తేషిక్ చేప ముల్లు తీసుకుంటూ ఉంటే ఏరన్ సింకు దగ్గర నిలబడి సంగతంతా చెప్పింది. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడేట్టు లేదు. అతను వింటూ తిన్నాడు, లేదా తింటూ విన్నాడు.

“ఆయన అనుకోవడంలో తప్పేముంది? పరాయివాడి పెళ్లాన్ని తిన్నావా తాగావా అని ఊరికే అడిగే మగాడెక్కడుంటాడు?” అన్నాడు చివరికి.

సొంత పెళ్లాన్ని అడిగే మగాడు ఎక్కడుంటాడో కూడా చెప్పి పుణ్యం కట్టుకోరాదా అనుకుంది ఏరన్. అనలేదు. అన్నా అతను నవ్వుతాడు. ఇంతకూ ఈ మొగుళ్లకు తెలియక కాదు. ఆ రెండు మాటలకూ ఎంత బలముందో ఇద్దరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఒకడికి ఒళ్లు మండింది, ఒకడికి అనుమానం న్యాయమనిపించింది. అంత విలువైన మాటని ఇంట్లో ఎందుకు ఖర్చుపెట్టరో మాత్రం ఆమెకు అర్థం కాలేదు. చారు గిన్నె తోముతూ చాలాసేపు దాని గురించే ఆలోచించింది. ఆలోచిస్తున్న కొద్దీ ఇంకొకటి గుచ్చుకుంది. తను మాత్రం ఏం చేసింది? ఇన్నేళ్లుగా తనకు ఎవరైనా చెబితే బాగుండుననుకున్న మాటలన్నీ కూడబెట్టి ఒక మగాడి ఫోటో కింద పేర్చింది. ఆ ఫోటోకి గాజు ఫలకం వచ్చింది. ఒక్‌బున్‌కి దెబ్బలొచ్చి ఉంటాయి.

శనివారం పొద్దున ముల్లంగి సంచీ గుమ్మం దగ్గరే వదిలేసి ఏరన్ పశ్చిమ బస్టాండుకు వెళ్లింది. సొంగ్‌జు బస్సెక్కింది. పుస్తకాలు పంపిన అడ్రసు ఆమెకు కంఠతా వచ్చు. బస్సు ఊరు దాటకముందే తేషిక్ ఫోన్.

“ఎక్కడున్నావ్? ముల్లంగి ఇక్కడే ఉంది. అమ్మ కనిపెట్టుకుని కూచుంది.”

“పని మీద బస్సులో వెళ్తున్నా.”

“ఏం పని?”

“ఉద్యోగం పని.”

“నీ ఉద్యోగానికి బస్సెందుకు?” అన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసింది. కిటికీ బయట ప్లాస్టిక్ పందిళ్లు మొదలయ్యాయి, కొండ అంచుదాకా తెల్లగా.

మాన్‌సూ పందిరి బయట పళ్ల పెట్టెలు ట్రాలీ మీదికి ఎత్తుతున్నాడు. పొట్టిగా, ఎండకు మాడిపోయి, కొంచెం వంగి ఉన్నాడు. ఫోన్లో గొంతు విని ఆమె ఊహించుకున్న రాక్షసుడు కాదు. ముసలితనం మొదలైన ఒక రైతు, అంతే. అది చూసి ధైర్యం రాలేదు సరికదా ఇంకా దిగులేసింది.

“పళ్లకైతే రోడ్డు మీద కొట్టుంది” అన్నాడు తలెత్తకుండా.

“పళ్లకు రాలేదండీ. నా పేరు హ్వాంగ్ ఏరన్. ఆ సందేశాలు రాసింది నేను.”

అతను పెట్టె దించాడు. ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు.

“మొన్న ఫోను, ఇయాల మనిషి. ఆయనగారికి చాకిరీ చేయడానికి ఎంతమంది ఆడాళ్లున్నారమ్మా?”

అతను వెటకారంగా అన్నాడు గానీ ఆ మాట సరిగ్గా ఉన్నచోటే తగిలింది.

“చాలామందిమి ఉన్నాం” అంది ఏరన్. “మీ జేబులో ఆవిడ ఫోన్ ఉంది కదా. తీసి చేతిలో పట్టుకోండి. నేను ఇక్కడే, మీ ఎదురుగా రాస్తాను.”

పందిరి తలుపు తెర పక్కకు జరిగింది. ఒక్‌బున్ బయటికి వచ్చి నిలబడింది. పూలగుడ్డ టోపీ, నడుముకు వేలాడుతున్న పీట. ఎడమ చెంప మీద వాపు తగ్గింది గానీ కమిలిన మచ్చ ఇంకా ఉంది. ఏరన్ ఆ మచ్చ చూసింది. ఇక ఆలోచించడానికేమీ మిగల్లేదు.

రాసేవన్నీ ఆఫీసులో వాళ్లకు కనబడతాయి. పంపాక వెనక్కి తీసుకోవడం ఉండదు. ఆమెకు తెలుసు. నిలబడే రాసింది.

మాన్‌సూ చేతిలో ఫోన్ మోగింది. కళ్లజోడు ఫోటో, ప్రొఫెసర్ నామ్‌గుంగ్. అతను ఫోన్ దూరంగా పట్టుకుని, బడిపిల్లాడు పాఠం అప్పగించినట్టు ఒక్కో మాటా చదివాడు.

“‘ఒక్‌బున్‌గారూ, ఇన్నాళ్లూ ఈ మాటలు రాసింది ప్రొఫెసరు కాదు. హ్వాంగ్ ఏరన్ అనే నేను. ఆయన పేరు పెట్టుకుని రాయడం నా తప్పు. దాని దెబ్బ మీకు తగిలింది, క్షమించండి. రేపటిలోగా పాఠం తెరవండి. కూచుని తిన్నారా?’”

చదివి ఫోన్ వంకా, ఏరన్ చేతిలోని ఫోన్ వంకా మార్చి మార్చి చూశాడు. తర్వాత ఖాళీ పెట్టె ఒకటి తిరగేసి దానిమీద కూచున్నాడు.

“మరి ఈ కళ్లజోడాయన?”

“ఆయనకు మీ ఆవిడ పేరు కూడా తెలియదు.”

“నే చెప్పలా?” అంది ఒక్‌బున్. అరవలేదు, అలిసిపోయినట్టు అంది. “రాసేది ఆడమనిషని మొదట్నుంచీ చెప్తానే ఉన్నా. వింటేగా.”

“నీకెట్టా తెలుసు? బొమ్మ మగోడిదైతే!”

“మగోడు తిన్నావా అంటాడు. అదీ బుద్ధి పుడితే. కూచుని తిన్నావా అని ఎందుకు అడుగుతాడు? మేం నిలబడి తింటామని వాడికెట్టా తెలుస్తది?” అంది ఒక్‌బున్. “ఇన్నేళ్లు ఒక ఇంట్లో ఉండి, నీకు తెలుసా?”

మాన్‌సూ అటూ ఇటూ చూశాడు, పెట్టెలు లెక్కచూసుకున్నట్టు. అతను క్షమించమంటాడేమోనని ఏరన్ ఎదురుచూసింది. సిగ్గులేని ఆశ.

“కొట్టేముందు ఒక్క మాట అడిగి ఉండాల్సింది” అంది అతనితో.

“మా ఇంటి సంగతి మీకెందుకు?” అని అతను లేచాడు. ఫోన్ తీసుకెళ్లి పెట్టె మీద పెట్టాడు, ఒక్‌బున్ చేతికివ్వలేదు. “ఆ పాఠమేదో చూసుకో. సాయంకాలానికి పెట్టెలు సర్దడం అయిపోవాలి” అని ట్రాలీ తోసుకుంటూ వెళ్లిపోయాడు.

అంతే జరిగింది. ఆ మనిషి మారలేదు, మచ్చ మాయం కాలేదు. ఒక్‌బున్ ఫోన్ తీసి జేబులో వేసుకుంది.

“మీ ఉద్యోగం ఉంటుందా?” అంది.

“ఉండదు.”

“అయితే రేపట్నుంచి ఎవరు రాస్తారు?”

“ఇంకెవరో. ఆ ఫోటో పెట్టుకునే రాస్తారు.”

ఒక్‌బున్ చిన్నగా తలాడించింది. ఆ తర్వాత, మామూలుగా, పొరుగింటావిడ అడిగినట్టు అడిగింది. “మీరు తిన్నారా?”

పొద్దున తేషిక్‌కి గంజి కాచింది ఏరన్. తను తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. వందలమందికి రాసిన మాట, తనకు ఎవరైనా అంటే ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. ఏడుపొచ్చేట్టు ఉంటుంది.

ఒక్‌బున్ నడుము వెనక చెయ్యి పెట్టి పట్టీ విప్పింది. ఆ గుండ్రటి పీట తీసి దుమ్ము దులిపి కిందపెట్టింది. “దీనిమీద కూచోండి” అంది. దోసపండు కోసి గింజలతో సహా ముక్క చేతిలో పెట్టింది. ఏరన్ కూచుని తింది. చెయ్యంతా రసం కారింది. ఎవరూ ఆమెను లేపలేదు.

తిరుగు బస్సులో జాంగ్ ఫోన్ వచ్చింది. “ఏం చేశారు మేనేజరుగారూ!” అని మొదలుపెట్టి, సోమవారం నుంచి పని ఉండదని చెప్పడానికి చాలా మాటలు వాడింది. తనమీద పైవాళ్లు అరిచారని చెప్పింది. ఏరన్ ఊఁ కొట్టింది. అది ఆమె పనే కదా. “ఇంతకీ ఆవిడ పాఠం తెరిచిందా?” అని అడిగింది జాంగ్ చివర్లో, గొంతు తగ్గించి.

“మీకే కనబడుతుందిగా, చూడండి” అంది ఏరన్.

అవతల కీబోర్డు చప్పుడు వినిపించింది. “తెరిచింది” అంది జాంగ్, వెంటనే పెట్టేసింది.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. అత్తగారే వచ్చి బల్ల దగ్గర కూచుని ఉంది, ముల్లంగి సంచీ ఎదురుగా పెట్టుకుని మరీ. తేషిక్ టీవీ ముందున్నాడు.

“నడివయసులో ఊరి మీద తిరుగుళ్లేమిటమ్మా?” అంది అత్తగారు. “మేం ఆకలికి మాడి చస్తున్నాం.”

ఏరన్ చేతులు కడుక్కుని బియ్యం పోసింది, సోయా ముద్ద కలిపి చారు పెట్టింది, ముల్లంగి తరిగింది. ఇవాళ ఎవరికీ సందేశం రాయక్కర్లేదు కాబట్టి రెండు చేతులూ వంటలోనే ఉన్నాయి. ఫోన్ పక్కనే బోర్లా పడి ఉంది. ఆ లారీ ఆయన, ఆ మంచాన పడ్డ తల్లిని చూసుకునే అమ్మాయి, వాళ్లకు రేపు వేరే ఎవరో రాస్తారు. వాళ్లకు తేడా తెలుస్తుందో లేదో. తెలియకపోతేనే మంచిదని అనుకోవడానికి ప్రయత్నించింది, కుదరలేదు. ఇన్నేళ్లలో తను బాగా చేసిన పని అదొక్కటే.

అన్నం గిన్నెలు రెండు బల్లమీద పెడితే తేషిక్ లేచొచ్చి కూచున్నాడు. చారు పోసింది. మూడో గిన్నె తీసుకుంది, అడుగున మాడింది కాకుండా పైన పొగలు కక్కుతున్న అన్నం పెట్టుకుంది. చారు పోసుకుంది. తెచ్చి బల్లమీద పెట్టి, కుర్చీ లాక్కుని, అత్తగారి ఎదురుగా కూచుంది. చెంచా పట్టుకుంది.

ఇద్దరూ తలెత్తి చూశారు. నిజానికి కూచోవద్దని ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు.

తేషిక్ గిన్నె ముందుగా ఖాళీ అయింది. అలవాటుగా, టీవీ వైపు చూస్తూనే, గిన్నెను ఆమె వైపు జరిపాడు.

“దాసోమ్ అమ్మా, చారు.”

ఏరన్ నోట్లో ముద్ద పూర్తిగా నమిలి మింగింది.

“పొయ్యి మీదుంది” అంది, ఇంకో చెంచా అన్నం తీసుకుంటూ.